బండి ఆపడం నేర్పేదెవరు?

హనుమాన్ జంక్షన్‌లో ఏలూరు, విజయవాడ, నూజివీడు, గుడివాడ దారులు కలుస్తాయి. ఈ దారుల్లో రేసు తరహా మోటారు సైకిళ్లపై దూసుకుపోయే యువకులకు కొదవలేదు. వేగం పెంచడం అందరికీ వచ్చు. తూలకుండా ఆపడమే రావాలి.

ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతామన్న భయం చాలామందిలో ఉంది. నిజానికి బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. పట్టు అక్కడే. తేలికైన వెనుక చక్రాన్ని గట్టిగా తొక్కిపడితే బండి పక్కకు జారుతుంది. అందుకే రేసు ట్రాకుపై ఆరితేరినవారు ముందు బ్రేకును మెల్లగా మొదలుపెట్టి క్రమంగా బిగిస్తారు. మోకాళ్లతో ట్యాంకును అదిమి, చేతులపై బరువు పడనివ్వరు. మలుపులో బండి వాలేకొద్దీ బ్రేకు వదులుతారు.

125 సిసి దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే గాని, రోడ్డుపై ఆరబోసిన ధాన్యం మీద, ట్రాక్టర్లు వదిలిన బురద మీద లేని పట్టును తెచ్చివ్వదు. పైగా వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది.

లైసెన్సు పరీక్షలో 'ఎనిమిది' తిప్పితే చాలదు. వేగంలో ఉన్న బండిని తిన్నగా ఆపించి చూడాలి. రవాణా అధికారులు ఈ విషయంపై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.