కాటాకి వేసే ముందు ఒక్కసారి తిరగేయండి

ఉప్పాడ జామ్దానీ కొనడానికొచ్చిన పెద్దావిడని ఎప్పుడైనా గమనించారా? కొట్టాయన మడత విప్పి రంగు గురించి చెబుతూనే ఉంటాడు. ఆవిడ వినదు. అంచు పట్టుకుని చీరని తిరగేస్తుంది. అసలైన జామ్దానీ అయితే బుటా రెండోవైపు కూడా అంతే శుభ్రంగా ఉంటుంది. మా పిఠాపురం చుట్టుపక్కల ఈ కిటుకు తెలియని ఇల్లుండదు. అదే పాత కారు సామాను దగ్గరికొచ్చేసరికి మెరుపు చూసి పడిపోతాం.

మా బాబాయి దగ్గర 1972 అంబాసిడర్ ఉంది. మార్క్ 2. రేకుల షెడ్డులో కొబ్బరి మట్టల పక్కన చాలా ఏళ్లుగా నిలబడి ఉంది. ఈమధ్య మా తమ్ముడికి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. వాడి ప్లాను ఏంటంటే, పాత పెట్రోల్ ఇంజన్ పీకేసి ఏదైనా డీజిల్ ఇంజన్ పెట్టాలి, అలాయ్ వీల్స్ వేయాలి, రీల్ చేస్తే లక్ష వ్యూస్ వచ్చేంత పెయింట్ కొట్టించాలి. పాత ఇంజన్‌కి ఇనప సామాన్లవాడు కాటా రేటు కూడా చెప్పేశాడు.

"ఒరే, ముందు ఆర్‌సీ పట్రా" అన్నాను.

"ఎందుకన్నయ్యా? అమ్మట్లేదు కదా!"

ఎందుకంటే, ఆ కారుకి యాభై ఏళ్లు దాటాయి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న టూవీలర్లకీ కార్లకీ వి.ఏ. అనే అక్షరాలతో వేరే నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకోవాలంటే 5,000. రోజూ కాకినాడ వెళ్లిరావడానికి మాత్రం ఆ బండి వాడకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ, పెట్రోల్ పోయించడానికీ బయటికి తీయొచ్చు. ఇక అసలు మెలిక ఇది: ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చేసి ఉంటే ఆ హోదా రాదు. అంటే కాటా మీద పెట్టబోయింది వట్టి ఇనుము కాదు, ఆ బండి అర్హత. ప్రపంచమంతా పాత కార్ల పిచ్చోళ్లు 'మ్యాచింగ్ నంబర్స్' అని కలవరించేది కూడా దీని గురించే. కారుతోపాటు పుట్టిన ఇంజన్ అదే కారులో ఉండటం.

ఆర్‌సీ తెచ్చాడు. కిరోసిన్ గుడ్డతో బ్లాక్ మీద జిడ్డు తుడిచి, ఫోన్ లైట్ వేసి చూశాం. నంబర్ కలిసింది. మావాడి మొహంలో డీజిల్ ఆలోచన అక్కడితో కాస్త తగ్గింది.

అంబాసిడర్ కథ మీకు తెలిసే ఉంటుంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దీనికి తల్లి. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారయ్యేది. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. 2014 మేలో ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2017లో ఆ పేరుని ప్యూజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. పేరు అమ్ముడైంది గానీ పార్టులు కొత్తగా పుట్టవు కదా. ఉన్నవే ఉన్నాయి.

చిక్కేమిటంటే, ఇన్ని దశాబ్దాలు నడిచిన బండికి ఎవరికి దొరికింది వాళ్లు తగిలించేశారు. మార్క్ మారినప్పుడల్లా ముందు జాలీ మారింది. మార్క్ 2 జాలీకి దగ్గర దగ్గరగా సన్న గళ్లుంటాయి. బాబాయి కారుకున్నది పెద్ద గళ్ల జాలీ. ఎప్పుడో ఎవరో తర్వాతి మోడల్‌ది బిగించారు. ఈ సంగతి మాకు ఎలా తెలిసిందనుకున్నారు? పెళ్లి ఆల్బమ్‌లో. బాబాయి పెళ్లికి బంతిపూల దండలేసి నిలబెట్టిన కారు ఇదే. దండల సందులోంచి అసలు జాలీ కనిపిస్తోంది. మీ ఇంట్లో పాత బండి ఉంటే ముందు ఆల్బమ్‌లు దించండి. వాటిని మించిన సాక్ష్యం ఇంట్లో దొరకదు.

ఇక బండి దగ్గరికి వెళ్లాక ఏం చూడాలి? నేనైతే ముందు బోల్టులు చూస్తాను. ఈ ఇంజన్ బ్రిటిష్ రక్తం, బోల్టులు ఇంచి సైజుల్లో ఉంటాయి. మిల్లీమీటర్ స్పానర్ ఎక్కడైనా చక్కగా కూర్చుందంటే, అక్కడ ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. తర్వాత గేరు కడ్డీ. మార్క్ 2కి అది స్టీరింగ్ పక్కన ఉండాలి. కింద ఉంటే ఎవరో మార్చారన్నమాట. తర్వాత ఎలక్ట్రికల్. డైనమో, స్టార్టర్, డిస్ట్రిబ్యూటర్ లాంటివి తిప్పి చూస్తే లూకాస్ పేరు, పార్ట్ నంబర్ పోత మీదో రేకు మీదో కనిపిస్తాయి. కొన్నిటికి తయారైన తేదీ కూడా గుద్ది ఉంటుంది. ఆ తేదీ కారు పుట్టుకకి కాస్త ముందుగా ఉండాలి. 1972 కారుకి 1985 పార్టు ఉంటే అది కంపెనీదే కావచ్చు, ఆ కారుతో వచ్చింది మాత్రం కాదు. జెన్యూన్ వేరు, ఒరిజినల్ వేరు. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతారు, జాగ్రత్త.

డూప్లికేట్ సరుకుని పట్టడం ఒక్కోసారి తేలికే. అక్షరాలు పలచగా, అంచులు మొద్దుగా ఉంటాయి. పాతదాన్ని అచ్చు తీసి పోత పోస్తే ఆ గీతలు అరిగినట్టు వస్తాయి. చేతిలో బరువు కూడా తేడా తెలుస్తుంది. అయినా అనుమానమొస్తే మీ పాత ముక్కని పక్కన పెట్టి పోల్చండి. అందుకే పాత ముక్క విరిగినా సరే పారేయొద్దంటాను. అదే మీ కొలబద్ద.

మా ఊరికి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. హౌరా–చెన్నై రైల్వే లైను మీద ఉన్నాం. ఒక చివర కలకత్తా మల్లిక్ బజార్, ఇంకో చివర చెన్నై పుదుపేట. రెండూ పాత సామాన్లకి పేరున్న బజార్లే. లూకాస్ టీవీఎస్, బ్రేక్స్ ఇండియా కంపెనీలు చెన్నై పాడిలోనే ఉన్నాయి. మధ్యలో విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. ఇంకో దారి కూడా ఉంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ బి సిరీస్ కుటుంబానిది. బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకీ మొదట్లో ఇదే కుటుంబం ఇంజన్, ఇదే సీసీ. ఆ కార్లకి అక్కడ ఇప్పటికీ భక్తులున్నారు కాబట్టి గాస్కెట్లూ గట్రా ఇంకా తయారవుతున్నాయి. పార్ట్ నంబర్ కలిపి చూడకుండా మాత్రం డబ్బు పంపకండి.

సరే, దొరికింది. దాచేదెలా? ఉప్పాడ సముద్రం మాకెంత దూరమని! ఆ ఉప్పుగాలికి కొత్త మేకు కూడా తుప్పు పడుతుంది. మా మెకానిక్ తాతగారు చెప్పిన పద్ధతే మేం పాటిస్తున్నాం. విప్పే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటో. విప్పాక కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, పలచగా గ్రీజు. నూనె గుడ్డలో చుట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా. ఒక్కొక్కదానికీ ట్యాగ్: ఎక్కడిది, ఎప్పుడు తీశాం, ఎందుకు తీశాం. రబ్బరు సామానుకి నూనె తగలకూడదు, ఎండ తగలకూడదు, వాటికి పౌడర్ చల్లి విడిగా పెట్టాలి. క్రోమ్ బంపర్‌కి వాజిలైన్ రాశాం, పిన్ని నవ్వింది.

బఫింగ్‌కి ఇచ్చేటప్పుడు మాత్రం దగ్గరుండండి. "తళతళలాడించేస్తానండి" అంటాడు, నంబర్లతో సహా అరగదీసేస్తాడు. నా లెక్కలో మచ్చ ఉన్న అసలు ముక్క, మచ్చ లేని అనుమానపు ముక్క కంటే ఎక్కువ.

ఒక్కచోట మాత్రం ఒరిజినల్ అనే మాటే ఎత్తకండి. బ్రేకు రబ్బర్లు, బ్రేకు గొట్టాలు, టైర్లు. యాభై ఏళ్లనాటి సీలు వేసిన బ్రేకు కిట్ ప్యాకెట్‌తో సహా దొరికిందని ఎవరైనా మురిసిపోతే, అది అల్మారాలో పెట్టుకోమనండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది చూసే కొనండి.

ప్రస్తుతానికి షెడ్డులో పదకొండు డబ్బాలయ్యాయి. ఇంజన్ విప్పడానికి తాతగారే వస్తానన్నారు. ఆయన చేస్తున్నంతసేపూ వీడియో తీసే పని మా తమ్ముడిది. పెద్ద గళ్ల జాలీని కూడా ట్యాగ్ కట్టి దాచాం, మార్క్ 4 ఉన్నవాళ్లకి పనికొస్తుంది. సన్న గళ్లది ఇంకా దొరకలేదు. మీ అటక మీద ఉంటే, కాటావాడు రాకముందే చెప్పండి.