మంచం పక్కన మనసెరిగిన నర్సు

కాలు విరిగి ఆస్పత్రిలో చేరిన మనిషి రెండు రోజులు బాగానే ఉంటాడు. మూడో రాత్రి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. గోడల మీద పురుగులు పాకుతున్నాయంటూ సెలైన్ పీకేసుకుంటాడు. ఇంటివాళ్లు 'గాలి సోకింది' అంటారు. చాలాసార్లు అసలు కారణం రోజూ తాగే మందో, కల్తీ కల్లో ఒక్కసారిగా ఆగిపోవడం. ఆ కల్లులో కలిపేవి అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు. సమయానికి గుర్తించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ వార్డులకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఆ రాత్రి ఎదురుగా ఉండేది డ్యూటీ నర్సు ఒక్కరే. వార్డంతా ఆమె మీదే. చదువుకునే రోజుల్లో మానసిక వైద్యం పాఠాలు విన్నా, అర్ధరాత్రి అవి ఎంతవరకు ఆదుకుంటాయి? చివరికి గుడ్డతో చేతులు కట్టడమో, ఎర్రగడ్డకు రాసివ్వడమో జరుగుతుంది. ఆదిలాబాద్ నుంచి ఎర్రగడ్డ దాదాపు 300 కిలోమీటర్లు!

బ్రిటన్, అమెరికా ఆస్పత్రుల్లో ఇందుకోసమే సైకియాట్రిక్ నర్సులు మామూలు వార్డులకు వస్తారు. రోగిని తమ చేతుల్లోకి తీసుకోరు, వార్డు నర్సుకు తోడు నిలుస్తారు. వణుకు ఎంత పెరిగిందో గంటల లెక్కన ఎలా నమోదు చేయాలి, డాక్టర్‌ను ఎప్పుడు పిలవాలి, ఒక్కరే నెమ్మదిగా ఎలా మాట్లాడాలి... అన్నీ మంచం దగ్గరే చూపిస్తారు.

పురుగుమందు తాగి బతికిన పత్తి రైతు సంగతి ఇంకా సున్నితం. కడుపు శుభ్రం చేస్తారు, 'పిల్లలు గుర్తురాలేదా?' అని మందలిస్తారు, ఇంటికి పంపుతారు. మళ్లీ చావాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి అందరికీ భయమే. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఎలా అడగాలో మాత్రం ఎవరో నేర్పాలి. ఉట్నూరు వైపు నుంచి వచ్చినవారిని గోండిలో అడగగలిగితే మరీ మంచిది. ఆత్మహత్యకు యత్నించినవారికి చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యతేనని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

నర్సింగ్ చేసినవారికి ఏడాది సైకియాట్రిక్ నర్సింగ్ డిప్లొమా మన దేశంలోనే ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో ఆ నర్సుకు చోటూ ఉంది. ఆమెను ఓపీ గదికే పరిమితం చేయకుండా కరీంనగర్ ప్రభుత్వాసుపత్రి, ఆదిలాబాద్ రిమ్స్ వార్డుల్లో రోజుకో రౌండు తిప్పాలి. కొత్త భవనాలేమీ అక్కర్లేదు.

ఇంటివారి వంతూ ఒకటుంది. చేర్పించేటప్పుడే 'మా ఆయన రోజూ తాగుతాడు సిస్టర్' అని చెప్పేయండి. పరువు కోసం దాస్తే మూడో రాత్రి బయటపడుతుంది. ఇంటికెళ్లాక దిగులు తగ్గకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులోనే పలుకుతుంది.