పాత బోర్డు – ఓపిక గల చేయి

2024 ఆగస్టు 5వ తేదీన పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రపు పాత శీతల గోపురాలు ఎనిమిది ఒక్క దినముననే నేలకూలినవి. 1960వ దశకం నుండి రాష్ట్రానికి విద్యుత్తు నిచ్చిన విభాగాలకు కాలం తీరినది. వాటిని తొలగించడం సబబే. అయితే ఆగిపోయిన ప్రతి యంత్రమూ కాలం తీరినదేనా? గోపురాలకంటె ఎంతో చిన్నదైన పాత కంప్యూటరు మదర్‌బోర్డు విషయంలో ఈ ప్రశ్న వేసేవారు అరుదైపోయినారు. మీట నొక్కితే వెలగలేదు, బోర్డు పోయిందన్నారు, తూకానికి అమ్మివేసినారు. విచారణ లేకుండానే తీర్పు ముగిసినది.

కొత్తగూడెం వంటి పట్టణానికి ఇది తగని పని. సింగరేణి సంస్థకు కేంద్రస్థానమైన ఈ ఊరిలో యంత్రాల మరమ్మతు తరతరాల విద్య. భూగర్భ గనిలోనికి దిగినవాడు పైకప్పును కర్రతో తట్టి వింటాడు. గట్టి శబ్దమైతే ముందుకు సాగుతాడు. డొల్ల శబ్దమైతే వెనుకకు తగ్గుతాడు. కంటికి కానరాని దోషాన్ని ఒక క్రమంలో అడిగి తెలుసుకోవడమే అందులోని కిటుకు. మదర్‌బోర్డు పరీక్షకు కావలసినదీ ఆ బుద్ధియే.

ముందు విద్యుత్తు తీగ తీసి, దుమ్ము దులిపి, మంచి వెలుతురులో బోర్డును పరికించవలెను. తరువాత అదనపు కార్డులన్నీ తొలగించి, ప్రాసెసరును, చిన్న స్పీకరును మాత్రమే ఉంచి, మెమరీ లేకుండా మీట నొక్కవలెను. అప్పుడు బీప్ శబ్దం వినవస్తే ప్రాసెసరు బ్రతికే ఉన్నదనీ, మెమరీ ఏదని అడుగుతున్నదనీ అర్థం. శబ్దమే లేకపోతే మల్టీమీటరు చేతబట్టి 12, 5, 3.3 వోల్టుల తీగలను కొలవవలెను. నూటికి ఐదు పాళ్లకు మించి తేడా ఉంటే తప్పు బోర్డుది కాక, దానికి విద్యుత్తు నందించే పెట్టెది కావచ్చును. ఆ పెట్టెను మాత్రం తెలియనివారు విప్పరాదు. తీగ పీకిన తరువాత కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండగలదు. ఇంకొక హెచ్చరిక: ప్రాసెసరు పక్కనున్న తీగచుట్ట వద్ద నిరోధం ఒకటి రెండు ఓములే కనిపించినంత మాత్రాన షార్టు అని నిశ్చయించరాదు. ఆ భాగపు స్వభావమే అటువంటిది. ఆత్రగానికి బుద్ధి మట్టు అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

పాత బోర్డులలో తరచు దొరికే దోషి కెపాసిటరు. 1999 మొదలు 2007 ప్రాంతం వరకు తయారైన అనేక బోర్డులను ఒక విచిత్రమైన వ్యాధి పట్టినది. కొన్ని కెపాసిటర్లలోని ద్రవంలో నీటి పాలు ఎక్కువై, అల్యూమినియంను కాపాడవలసిన ద్రవ్యాలు సరిగా కుదరక, లోపల హైడ్రోజను వాయువు పుట్టేది. పైన గీత గీసిన మూత ఉబ్బేది. చివరకు చిట్లి గోధుమరంగు ద్రవం కారేది. డెల్ వంటి పెద్ద సంస్థయే ఇటువంటి బోర్డుల నిమిత్తం 2005లో సుమారు 30 కోట్ల డాలర్ల ఖర్చును లెక్క చూపవలసి వచ్చినది. తయారీలో దోషం లేని కెపాసిటరుకైనా వేడి శత్రువు. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుస్సు సుమారు సగమవుతుందని లెక్క. ఎండకాలంలో 45 డిగ్రీలు చూసే కొత్తగూడెంలో, బొగ్గు ధూళి ఫ్యాను రెక్కలకు పట్టుకొంటే ఆ లెక్క ఎంత క్రూరమో ఊహించవచ్చును.

ఉబ్బిన కెపాసిటరు మార్చడం అసాధ్యమైన పని కాదు, అలాగని ఆషామాషీ పనీ కాదు. కొత్తదాని సామర్థ్యం పాతదానితో సమానంగా ఉండవలెను. వోల్టేజి సమానమో అధికమో కావలెను. లోపలి నిరోధం తక్కువగా ఉండి, 105 డిగ్రీల వేడికి తగినదై ఉండవలెను. రూపం ఒకటే కదా అని సాధారణ రకాన్ని అతికిస్తే కొద్దికాలానికే పని మళ్లీ మొదటికి వస్తుంది. గుండ్రని ఒంటిపై చార ఉన్న వైపు ఋణధ్రువం, తారుమారైతే పేలుతుంది. 2006 తరువాత విరివిగా వచ్చిన సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల వద్ద గాని కరగదు. పాత సీసపు టంకానికి 183 డిగ్రీలు చాలును. అందువల్ల కొంచెం పాత టంకాన్ని కలిపి, పొగ పీల్చకుండా, నిదానంగా కరగించవలెను. బలవంతంగా లాగితే రంధ్రంలోని రాగిపూత ఊడి వస్తుంది. రోగం నయం కాకపోగా రోగియే పోతాడు.

పాతవాటిపై ఇంత శ్రమ దేనికని అడిగేవారి మాటలో సత్యం లేకపోలేదు. కొత్త యంత్రం తక్కువ విద్యుత్తుతో ఎక్కువ పని చేస్తుంది. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ముగిసినవి; అటువంటి యంత్రంపై బ్యాంకు వ్యవహారాలు నడపడం వివేకం కాదు. ప్రాసెసరు ప్రక్కన బోర్డు పొరలు మాడిపోతే ఏ నిపుణుడూ చేయగలిగినది లేదు. ఎక్కడ ఆపవలెనో తెలియడం కూడా మరమ్మతు విద్యలో భాగమే. కాని కొన్ని రూపాయల విడిభాగం చెడినందుకు మొత్తం యంత్రాన్ని పారవేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. బాగుపడిన యంత్రంలో ఉచితంగా లభించే తేలికపాటి లినక్సు వేస్తే పిల్లవాడు తెలుగు టైపు నేర్చుకోవడానికి, లెక్కలు కట్టడానికి అది చాలును. పాత కార్డులతోనే పనిచేసే ప్రయోగశాల పరికరాలకు కొత్త కంప్యూటరు తగిలించడానికి స్థలమే ఉండదు.

పారవేసినదంతా మాయమైపోదన్న సంగతి కూడా మరువరాదు. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాన్ని పోగు చేసినది. అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్క తేలినది 22.3 శాతమే. మిగిలిన దానిలో కొంత బీదల చేతులలో ఆమ్లాలతో కడగబడుతుంది, నిప్పులో కాలుతుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత ప్రభుత్వ నిబంధనలు ఉత్పత్తిదారులపై బాధ్యత మోపినవి. మంచిదే. కాని పారవేసిన తరువాతి బాధ్యతకంటె పారవేయకుండా నిలిపే విద్య ముందు కావలెను.

ఆ విద్యకు కొత్తగూడెంలో పీఠం లేకపోలేదు. 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా వెలసి, 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారిన విద్యాలయం ఉన్నది. పారిశ్రామిక శిక్షణ నిచ్చే తరగతులున్నవి. చేతిపని తెలిసి విశ్రాంతి తీసుకొంటున్న గని మెకానిక్కులున్నారు. కార్యాలయాలు పాత కంప్యూటర్లను వేలానికి పంపకముందు, అందులోని సమాచారాన్ని తుడిచివేసి, ఒక్క నెలపాటు వీరి బల్లపై పెట్టవలెను. బ్రతికినవి బడులకు వెళ్లగలవు. బ్రతకనివి విడిభాగాలు ఇచ్చి, ఆ తరువాతనే అధికారిక శుద్ధి కేంద్రానికి చేరగలవు. ఇందుకు కావలసినది ఒక బల్ల, ఒక మీటరు, ఒక టంకపు కడ్డీ, ఓర్పు గల గురువు.

బాగుపడే యంత్రాల సంఖ్య స్వల్పమే కావచ్చును. అయినా పోయిందనే ముందు ఎందుకు పోయిందని అడిగే అలవాటు పదిమంది పిల్లలకు అబ్బితే, ఆ బల్ల ఖర్చు వృథా కాదు.