అందరి గోడ ఎవరి బాధ్యత?

మన ప్రాంతపు పాత పెంకుటిండ్లకు ముందొక దర్వాజ, పెరటివైపు మరొక దర్వాజ ఉండెడివి. ముంగిట నిప్పు పుట్టినచో ఇంటిల్లిపాది పెరటిదారిని బయటపడెడివారు. నేడు కరీంనగరములోను, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాదు పట్టణములలోను నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు లేచుచున్నవి. ఇరువది కుటుంబములకు ఒకటే మెట్లదారి. ఫ్లాటు ఎవరిది వారిదే. గోడ, మెట్లు, మిద్దె మాత్రము అందరివి. అందరిదైన వస్తువు ఎవరికిని పట్టకుండ పోవుట మనకు క్రొత్త గాదు. ఆ అలవాటు ఇప్పుడు ప్రాణముల మీదికి వచ్చుచున్నదని మనవి చేయుటయే మా ఉద్దేశము.

భవనముల ముఖమునకు తళతళలాడు రేకులు తొడిగించుట నేటి ఆచారము. వానిని ఏ.సి.పి. షీట్లు అందురు. రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ వేరొక పదార్థమును ఉంచి వీనిని చేయుదురు. ఆ నడిమి పదార్థము వట్టి పాలిథిలీన్ ప్లాస్టిక్ అయినచో, నిప్పు తగిలినపుడు అది కరగి, మండుచు క్రిందికి జారును. గోడకును రేకునకును మధ్యనున్న సందు పొగగొట్టమువలె మంటను పైకి లాగును. మంటను నిలువరించు ఖనిజములు కలిపిన రకము కూడ కలదు. పైకి చూచినచో రెండును ఒక్కటే.

2017 జూన్ 14వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, లండన్ నగరములోని గ్రెన్‌ఫెల్ టవర్ అను 24 అంతస్తుల భవనములో నాలుగవ అంతస్తునందలి ఒక ఫ్రిజ్ వద్ద నిప్పు పుట్టినది. అది ఇట్టి రేకుల నంటుకొని భవనమంతయు ప్రాకెను. 72 మంది మరణించిరి. పిదప పరీక్షింపగా ఆ దేశమున వేలాది భవనములకు అపాయకరమైన తొడుగులున్నట్లు తేలినది. ఫ్లాట్లు కొన్నవారు చిక్కులలో పడిరి. అమ్ముదమన్న కొనువారు లేరు. బీమా రుసుము పెరిగినది. రాత్రులు భవనమంతయు తిరిగి నిప్పును కనిపెట్టు కావలివారి జీతము సైతము పెక్కుచోట్ల వారిమీదనే పడినది. 2022లో చట్టము చేసి ఆ భారమును కొంత తగ్గించిరి. ఐనను ఆ రేకులు తీయని భవనములు ఇంకను ఉన్నవి.

ఇది మనకు సంబంధములేని దూరదేశపు ముచ్చట యనరాదు. దుబాయిలో టార్చ్ టవర్ అను నివాస భవనము వెలుపలి తొడుగు 2015లో ఒకసారి, 2017లో మరొకసారి తగులబడినది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి పోయిన మన అన్నదమ్ములెందరో ఆ గల్ఫు దేశములలోనే కట్టడపు పనులు చేయుచున్నారు. ఎండలో చెమటోడ్చి పంపిన సొమ్ముతో ఇచ్చట ఒక ఫ్లాటు కొనుచున్నారు. ఆ ఫ్లాటు గోడకు ఏ రకపు రేకు తొడిగిరో వారికి చెప్పువారు లేరు.

ప్రమాదము రేకుల రూపమునే రానక్కరలేదు. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు క్రింది అంతస్తున నిలువచేసిన రసాయనపు డ్రమ్ములకు నిప్పంటుకొని, పెక్కుమంది మరణించిరి. అదే ఏడు మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదములో ఆరుగురు యువతీయువకులు అసువులు బాసిరి. వారు ఉద్యోగము కొరకు జిల్లాలనుండి పోయినవారు, మన విద్యార్థులవంటివారు.

చట్టము లేదా యని అడుగవచ్చును. మన రాష్ట్రమున 18 మీటర్లకు మించిన నివాస భవనమునకు అగ్నిమాపక శాఖవారి అనుమతి పత్రము కావలెను. అంతస్తునకు మూడు మీటర్ల చొప్పున ఐదంతస్తులు 15 మీటర్లే. కావున మన పట్టణములలోని అపార్టుమెంట్లలో పెక్కింటికి ఆ పరీక్షయే లేదు. 2016 నాటి రెరా చట్టము క్రిందికి వచ్చు భవనములలో, ఇల్లు అప్పగించిన ఐదేండ్లలోపల బయటపడిన నిర్మాణ లోపమును బిల్డరు తన ఖర్చుతో సరిచేయవలెను. ఆ గడువు దాటినచో యజమానుల సంఘమే దిక్కు.

ఆ సంఘముల పోకడ మేమెరుగుదుము. మేము నివసించు భవనమునందే మెట్లదారి ముఖమునకు ఇట్టి రేకులున్నవి. ఏ రకమని బిల్డరును అడుగగా, “అంతా మంచి మాలే సార్, ఫికర్ చేయకుండ్రి” అనెను. కాగితము మాత్రము చూపలేదు. గడువు దాటిపోయినది. మూడుమార్లు సమావేశమైతిమి. క్రింది అంతస్తువారొకరు, “మాకు మెట్లతోని పనేంది?” అనిరి. మరియొక పెద్దమనిషి, ఈ మాట బయటికి పొక్కినచో ఫ్లాట్ల ధర పడిపోవునని హెచ్చరించిరి. రేకు తీయించు ఖర్చు ఎవరెంత భరించవలెనో నేటికిని తేలలేదు.

ధర పడిపోవునను భయము మాకును లేకపోలేదు. జీతములోనుండి కంతులు కట్టుచున్నవారము. కాని లోపమును దాచి అమ్మినచో, రేపు ఆ ఇంట నిద్రించు పసిపిల్లల ప్రాణములకు ఎవరు జవాబు చెప్పవలెను? ఇల్లు కొన్నవాడు గోడను మాత్రమే కొనలేదు. పొరుగువారి ప్రాణములను సైతము అమానతుగా స్వీకరించినాడు.

పెద్ద ఖర్చు తేలువరకు చిన్న పనులు ఆపుట తగదని మేము పట్టుబట్టితిమి. మెట్లక్రింది కరెంటు మీటర్ల యొద్ద స్కూటర్లు నిలుపుట మానిపించితిమి. మిద్దె తలుపు తాళము తీయించితిమి. అంతస్తున కొకటి చొప్పున మంటలార్పు సిలిండర్లు పెట్టించితిమి. వీనికై ఒక్కొక్క కుటుంబము ఇచ్చినది పండుగ బట్టల ఖర్చుకంటె తక్కువ. మెట్లతో పనిలేదన్నవారును తమ వంతు చెల్లించిరి.

విద్యార్థులారా! సెలవులకు ఇంటికి పోయినపుడు మీ మెట్లదారి నొకసారి పరికింపుడు. గల్ఫునుండి అన్న సొమ్ము పంపి ఫ్లాటు చూడుమన్నపుడు, టైల్సు రంగుకంటె ముందు గోడ రేకు రకమును, దాని కాగితమును అడుగుడు. పాలకవర్గమువారికి మా విన్నపము: మన కళాశాల భవనమున రెండవ దారి తలుపు పాఠములు జరుగునంతసేపు తెరచియుంచవలెను, ముఖద్వారమునకు ఎన్నడైన రేకు తొడిగింపదలచినచో, దాని నడుమనున్న పదార్థమేదో వ్రాతమూలకముగ తెలిసికొనిన పిదపనే తొడిగింపవలెను.