కూడలి నడుమ రెండు కట్టడాలు

దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ దిగి హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దర్గాకు వెళ్లే తెలుగు కుటుంబాలకు మథురా రోడ్డు కూడలిలో ఒక నీలి గుంబద్ కనిపిస్తుంది. అది సబ్జ్ బుర్జ్. పేరుకు పచ్చ బురుజు, కంటికి నీలం! మొగలుల తొలినాళ్ల ఈ మక్బరాలో నిద్రిస్తున్నదెవరో చరిత్రకు తెలియదు. బ్రిటిషు హయాంలో కొంతకాలం ఇది పోలీసు ఠాణా. ఆగాఖాన్ ట్రస్టు నాలుగేళ్లు శ్రమించి 2021లో పునరుద్ధరణ ముగించింది. ఆ పనిలోనే, తరువాతి కాలపు పూతల కింద బంగారంతో, లాజవర్దు నీలంతో చిత్రించిన లోకప్పు బయటపడింది. మేము దానిని చూడబోయిన నాడు రోడ్డు దాటడమే ఒక పరీక్ష అయింది. అయినా ట్రాఫిక్ పేరుతో దానిని తొలగించాలని ఎవరూ అనరు. అనకూడదు కూడా.

న్యూఢిల్లీ నడిబొడ్డున ఇటువంటిదే మరొక కూడలి ఉన్నది. దాని నడుమ సునహరీ బాగ్ మస్జిద్. 2009 నోటిఫికేషన్‌లో మూడవ శ్రేణి వారసత్వ కట్టడంగా నమోదైనది. రాజ్యాంగ సభ సభ్యుడు మౌలానా హస్రత్ మోహానీ సమావేశాలకు వచ్చినప్పుడు ఇక్కడే బస చేసేవారని చెబుతారు. 2023 డిసెంబరు 24న మునిసిపల్ కౌన్సిల్ ఈ మస్జిద్ తొలగింపుపై అభిప్రాయాలు కోరింది. గడువు జనవరి 1. కారణం ట్రాఫిక్. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది.

రెండింటి చుట్టూ వాహనాలు తిరుగుతూనే ఉంటాయి. మరి తేడా ఎక్కడ? ఒకచోట సమాధి మాత్రమే ఉన్నది, మరొకచోట ఐదు పూటలా సజ్దా చేసే మనుషులున్నారు. మౌనంగా ఉన్న ముస్లిం కట్టడం పర్యాటకులకు అందం, అజాన్ వినిపించే కట్టడం అధికారులకు అడ్డంకి! ఈ ధోరణిని మనం ఒప్పుకోరాదు. ట్రాఫిక్ సమస్య నిజమే కావచ్చు. దానికి సిగ్నళ్లున్నాయి, మళ్లింపులున్నాయి. కూల్చిన మస్జిద్‌కు మళ్లింపు లేదు.

ఆ నోటీసుకు ఇచ్చిన గడువు ఎనిమిది రోజులే. అంత తక్కువ వ్యవధిలో జవాబు చెప్పాలంటే కాగితాలు ముందే చేతిలో ఉండాలి. మన ఊళ్లలో రోడ్డు పక్కనున్న మస్జిద్‌లు, ఆషూర్‌ఖానాలు, దర్గాల ముతవల్లీలు వక్ఫ్ గెజిట్ ప్రతిని, సర్వే పటాన్ని, పాత ఫొటోలను ఇప్పుడే తీసి భద్రపరచాలి. ఢిల్లీ వెళ్లే కుటుంబాలు సబ్జ్ బుర్జ్ చూశాక, ఒక పూట నమాజుకు సునహరీ బాగ్ కూడా వెళ్లాలని మా మనవి.