గీత గీయుట విద్య కాదు

ఇటీవల నిజామాబాదు పట్టణమున జరిగిన యొక తల్లిదండ్రుల సమావేశములో, ఒక ప్రైవేటు పాఠశాల యజమాని వేదికనెక్కి, తమ బడిపిల్లలు ఏ ఆంగ్లవాక్యము నిచ్చినను అందులోని కంజంక్షనును, ఇంటర్జెక్షనును రెప్పపాటులో గుర్తింపగలరనియు, సర్కారు బడిలో చదువు పిల్లలకు ఆ పేర్లైనను తెలియవనియు, ఇంగ్లీషు వచ్చినవానికిని రానివానికిని గల భేదమంతయు నిదియే యనియు ప్రకటింపగా, సభ చప్పట్లతో మాఱుమ్రోగినది. చప్పట్లు కొట్టినవారిలో బోధన్ చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన రైతులుండిరి; 2015 డిసెంబరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీకి తాళము పడిన తరువాత నెలజీతము పోగొట్టుకొని, దొరకిన పని చేసికొనుచు, అప్పు తెచ్చి పిల్లల ఫీజులు కట్టుచున్న కార్మికులుండిరి. వారినేమియు ననను. తమకు రాని భాష తమ బిడ్డలకు రావలెనని కోరుట తప్పు కాదు. ఆ కోరికను సొమ్ము చేసికొని, భాషకు మాఱుగా భాషలోని మాటలకు పెట్టిన పేర్లను అమ్ముచున్నవారిమీదనే నా ఆగ్రహము.

ఈ గుర్తించుట యను విద్య యెట్టిదో చూడుడు. గైడులో రెండు వరుసలుండును. ఆండ్, బట్, ఆర్, సో, బికాజ్, బిఫోర్ అనునవి కంజంక్షన్లు. ఓ, అలాస్, హుర్రా, బ్రేవో అనునవి ఇంటర్జెక్షన్లు. బాలుడు ఆ వరుసలను కంఠస్థము చేయును, వాక్యమునందు ఆ మాట కనబడగనే దానిక్రింద గీత గీయును, ఆశ్చర్యార్థక చిహ్నము కనబడినచో దానికి ముందున్న మాటకు సున్న చుట్టును, మార్కు వచ్చును. వాక్యమేమి చెప్పుచున్నదో వానికి తెలియనక్కఱలేదు, తెలిసినదా యని అడుగువారును లేరు.

ఎడపల్లినుండి బోధనుకు ట్యూషనుకై వచ్చు ఎనిమిదవ తరగతి బాలుని ముందు మూడు వాక్యములు వ్రాసి పెట్టితిని. ‘ది లారీ లెఫ్ట్ బిఫోర్ వి కేమ్’ అనునది మొదటిది. ‘ది లారీ లెఫ్ట్ బిఫోర్ నూన్’ అనునది రెండవది. ‘ఐ హావ్ సీన్ దిస్ లారీ బిఫోర్’ అనునది మూడవది. వాడు మూడింటను బిఫోర్ క్రింద గీత గీసి, మూడింటికిని కంజంక్షన్ అని వ్రాసి, ధీమాగా నా ముఖము వంక చూచెను. మొదటిదానియందు ఆ మాటవెంట కర్తయు క్రియయు గల ఉపవాక్యమున్నది. రెండవదానియందు ఒక్క నామవాచకమే యున్నది. మూడవదానియందు వెంట ఏమియు లేదు, అచ్చట నది క్రియావిశేషణము. మాట అదియే, చేయు పని మాత్రము మూడు తావులను మూడు విధములు. సరే, పేర్లటుంచి, మొదటి వాక్యములో ముందు వెళ్లినది లారీయా, వచ్చినది మనమా అని అడిగితిని, తల వంచుకొనెను. ఆ బాలుడు మందమతి యనుకొనరాదు. దూరపు ఫ్యాక్టరీకి పోయిన చెఱకునకు వచ్చిన కాంటా చీటీ చేతబట్టి, కోతకూలియు లారీ కిరాయియు పోగా చేతికి ఎంత మిగులునో నోటిలెక్కతో తండ్రికి చెప్పగలవాడు. అట్టివానిని నోరులేనివానిగా చేసినది ఆ రెండు వరుసలు.

పోనీ, గైడు చెప్పు జవాబైనను నిర్వివాదమా యన్నచో, అదియును కాదు. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ ప్రభృతులు వెలువరించిన కేంబ్రిడ్జి ఆంగ్లవ్యాకరణము బిఫోర్, ఆఫ్టర్, బికాజ్ మొదలగువానిని కంజంక్షన్ల పంక్తినుండి లేపి ప్రిపొజిషన్ల పంక్తిలో కూర్చుండబెట్టినది. అంతటి వైయాకరణులు తర్కించి తేల్చుకొను విషయమున మన యూరి పరీక్షపత్రము ఒకే జవాబును ఖాయపఱచి, వేఱు జవాబు వ్రాసిన పిల్లవానికి సున్న వేయుచున్నది. భాషాభాగములు ఎనిమిది యనుమాటకు సైతము శాశ్వతత్వము లేదు. గ్రీకు వైయాకరణుడు డయొనీసియస్ థ్రాక్స్ లెక్కించిన ఎనిమిదింటిలో ఇంటర్జెక్షన్ వేఱుగా లేనే లేదు. లాటిన్ భాషలో ఆర్టికిల్ లేకపోగా, ఆ ఖాళీయైన పీఠముమీద రోమను వైయాకరణులు ఇంటర్జెక్షనును కూర్చుండబెట్టి సంఖ్యను నిలుపుకొనిరి. మన యాస్కుడు నిరుక్తమున నామము, ఆఖ్యాతము, ఉపసర్గము, నిపాతము అని నాలుగింటితోనే పని జరుపుకొని, చ, వా మొదలగువానిని నిపాతములలో చేర్చెను. ఇంత చరిత్ర గల విభజనమును వేదవాక్యమువలె పసివాండ్ర నెత్తిన రుద్దుట అజ్ఞానమే.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాను. నా మనసున చిరకాలముగా గుచ్చుకొనుచున్నది ఇదియే. మన జిల్లా విద్యార్థి ఆంగ్లవాక్యములను కలుపుటలో నిత్యము చేయు తప్పులు రెండు. ‘ఆల్దో హి ఈజ్ పూర్, బట్ హి ఈజ్ ఆనెస్ట్’ అని వ్రాయును. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో ఐ డిడ్ నాట్ కమ్’ అని వ్రాయును. ఆంగ్లమున ఆల్దో ఉన్నచోట బట్ అక్కఱలేదు, బికాజ్ ఉన్నచోట సో అక్కఱలేదు. రెంటిలో ఒకటి చాలును. ఈ రెండవ మాట ఎచ్చటనుండి వచ్చి చేరుచున్నది? ఉర్దూలో అగర్చే అనినచో లేకిన్ అని అందుకొనుట, చూంకి అనినచో ఇస్లియే అని ముగించుట భాషాసంప్రదాయము. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున నెలకొన్న నాటి నిజాం రాజ్యములో చదువుకొన్న తాతల నుడికారము మనుమలవఱకు దిగివచ్చినది. నేటికిని బోధన్ బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే బేరములో కలిసి నడచును. తెలుగులో సైతము ‘అయినప్పటికిని… కాని’ యనియు, ‘ఎందుకనగా… కాబట్టి’ యనియు మాటలాడువారు కొల్లలు. ఇది ఆ పిల్లవాని బుద్ధిహీనత కాదు. రెండు భాషల అలవాటు మూడవ భాషలోనికి నడచివచ్చుట. ఆ సంగతిని వానికి విప్పి చెప్పిన గడియసేపటిలో ఆ తప్పు దిద్దుకొనగలడు.

కాని గీతల విద్యలో దీనికి తావేది? ఆ తప్పుడు వాక్యమునే ఇచ్చి కంజంక్షన్లను గుర్తింపుమనినచో, బాలుడు ఆల్దో క్రింద నొక గీతయు, బట్ క్రింద నొక గీతయు గీసి, రెండు మార్కులకు రెండును పొందును; తప్పు చెక్కుచెదరక అచ్చటనే యుండును! నేను తిరుగవేసిన గైడులలో ఈ యుర్దూ జంటల మాట ఎచ్చటను కానరాలేదు. ఎట్లుండును? ఎచ్చటనో అచ్చైన పుస్తకమును చూచి వ్రాసికొన్న పుస్తకమునకు నిజామాబాదు పిల్లవాని నాలుకమీద ఏ భాష లాడునో ఎట్లు తెలియును? కత్తికి పిడి యేది, అలుగేది యని పేర్లు చెప్పినవానికి చెఱకు కోతకూలి నిచ్చు ఆసామి ఈ మండలమున నొక్కడైనను కలడా? బడిలో మాత్రము ఆ కూలియే పంచిపెట్టుచున్నారు.

ఇంటర్జెక్షన్ల మాట మఱింత చిన్నది, మఱింత రోత. ‘హుర్రా! వి హావ్ వన్ ది మ్యాచ్’, ‘అలాస్! హి ఈజ్ డెడ్’ అను రెండు వాక్యములు తరతరములుగా మన బడులలో తిరుగుచున్నవి. నేటి ఆంగ్లేయుడు చావుకబురు విని అలాస్ అనడు. ఓ అను నొక్క కూతనే ఆశ్చర్యముతో నొక రీతిని, మఱచినది గుర్తునకు వచ్చినపుడు ఒక రీతిని, ఆశ భంగమైనపుడు ఒక రీతిని పలుకును; ఆ స్వరభేదము చెవితో నేర్వవలసినది, పెన్సిలుతో కాదు. అయ్యో, అరే, అబ్బ, వాహ్ అను మాటలను తడుముకొనక సమయోచితముగా పలుకగల పిల్లలచేత సున్నలు చుట్టించి దానిని భాషాబోధన మనుటకు సిగ్గుపడవలెను.

వ్యాకరణము లేక భాష యెట్లు వచ్చునని అడుగువారున్నారు. వారికి నేనిచ్చు సమాధానము స్వల్పము: పేర్లు పెట్టుట వ్యాకరణము కాదు. 1963లోనే అమెరికాలో బ్రాడక్ ప్రభృతులు అప్పటివఱకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, వట్టి వ్యాకరణబోధన పిల్లల వ్రాతకు మేలు చేయదని తేల్చిరి. ఉపాధ్యాయుల నొక్కరినే నిందించుటయు న్యాయము కాదు; టెట్, డీఎస్సీ పరీక్షలలో గీత గీసిన పదము ఏ భాషాభాగమని అడిగిన బిట్లకు జవాబులు గుర్తించియే వారు ఆ కుర్చీలోనికి వచ్చిరి. 2022–23 నుండి సర్కారు బడులన్నింటను ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టి, ఆంగ్లమును తెలుగును ప్రక్కప్రక్కనే అచ్చువేసిన ద్విభాషా పుస్తకములను పంచిరి. ఆ పుస్తకము చేతనుండగా రెండు భాషలు వాక్యములను ఏ రీతిని కలుపుచున్నవో పోల్చి చూపుటకు ఇంతకంటె మంచి యదను రాదు. ఆ పని చేయుటకు మాఱుగా సర్కారు బడులు సైతము ప్రైవేటు బడుల గైడులను అనుకరింప మొదలిడినచో, ఆ వేదికమీది యజమాని గెలిచినట్లే.

నేను కోరునదేమనగా, మన పిల్లవానికి కలుపుట ముందే వచ్చునను సత్యమునుండి బోధన మొదలు కావలెను. ‘చెఱకు నఱికి, ఆకు దూసి, మోపు కట్టి, ట్రాలీకెత్తి, ఫ్యాక్టరీకి తోలి, కాంటా వేయించి, చీటీ తీసికొని వచ్చినాడు’ అని ఏడు పనులను ఎనిమిదవదానికి గ్రుచ్చి వాడు ఒక్క ఊపిరిలో చెప్పును. అందు కలుపుమాట యొక్కటియు లేదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి క్త్వార్థకమని పేరిడినది ఆ రూపమునకే. పేరు తెలియకయే పిల్లవాడు దానిని ఏలుచున్నాడు. దానినే ఆంగ్లమున చెప్పుమనినచో ఆండ్, ఆండ్, ఆండ్ అని ఏడుమార్లు పలుకును. ఎచ్చట ఆండ్ ఉంచవలెనో, ఎచ్చట దెన్ అనవలెనో, ఎచ్చట ఆఫ్టర్‌తో మొదలిడి రెండు పనులను ఒకటిగా చేయవలెనో వానిచేతనే చెప్పించి, వ్రాయించి, చదివించి, దిద్దవలెను. దీని క్రమమును తరగతివారీగా నిర్ణయించుట అనుభవజ్ఞులైన యుపాధ్యాయుల పని. నేనిచ్చట త్రోవ మాత్రము చూపితిని. తక్షణము చేయదగినది మాత్రము ఒకటి కలదు. వచ్చు పరీక్షనుండి ప్రశ్నపత్రము కూర్చువారు గీతల ప్రశ్నలను తీసివేసి, వానికున్న మార్కులన్నియు నిచ్చి, విడివిడిగా నున్న నాలుగు చిన్న వాక్యములను తనకు తోచినట్లు రెండుగా కలిపి వ్రాయుమని పిల్లవానిని అడుగవలెను. ఒకటికంటె నెక్కువ జవాబులు సరియైనవి కాగా, అన్నింటికిని మార్కులు వేయవలెను.