గుడికి పోనోళ్ళకి నీతి ఉండదా?



మొన్న అమలాపురంలో మన పిల్లలు నలుగురు అద్దె గది కోసం తిరిగారు. ఒకచోట ఇంటాయన ముందు కులం అడిగాడు. ఎరుకల అని చెప్పగానే రెండో ప్రశ్న: "గుడికెళ్తారా, చర్చికెళ్తారా?" మన తమ్ముడొకడు "ఏదీ లేదండి, నాకు దేవుడంటే నమ్మకం లేదు" అన్నాడు. "దేవుడి భయం లేనోడికి ఇల్లెలా ఇస్తాను?" అని తలుపేసుకున్నాడాయన. అప్పట్నుంచి మా మధ్య ఇదే చర్చ.

భయముంటేనే నీతి అంటారు. మరి 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, జాతులకు జాతుల్నే పుట్టు దొంగలుగా రాసేసిన దొరలకి దేవుడు లేడా? తర్వాత అదే పేరుతో వచ్చిన చట్టం కిందే బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో మన ఎరుకల వాళ్ళకి సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. భూమి, బడి ఇచ్చారు, కాదనం. కానీ పూటపూటా హాజరు, పాసు లేనిదే ఊరు దాటకూడదు. 1952లో చట్టం పోయింది. ముద్ర మాత్రం ఆ ఇంటాయన గుమ్మం దాకా వచ్చింది.

1970లలో ఆ ఊరికి వెళ్ళి మనోళ్ళతో కలిసి కూర్చున్నది ఎవరు? విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, ఆయన భార్య హేమలత. ఆమె మహాకవి జాషువా కూతురు. దొంగతనం మానేసినోళ్ళకి బతుకుదెరువు దొరకాలని తిరిగారు. పాపం, పుణ్యం, నరకం అనలేదు. నువ్వూ మనిషివే అన్నారు, అంతే. లవణం తండ్రి గోరాకి నాస్తికుడన్న పేరుతోనే మన పక్కనే కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. ఆయన 1948లో తన పెద్దమ్మాయికి దళిత యువకుడితో సేవాగ్రామ్‌లో పెళ్ళి చేశాడు. దేవుడి భయం ఉన్న ఇళ్ళల్లో ఇప్పటికీ ఎన్ని జరుగుతున్నాయి అలాంటివి?

నాస్తికులంతా మంచోళ్ళని మేం అనట్లేదు. స్టేజీ మీద దేవుడు లేడని చెప్పి, ఇంటికెళ్ళి కులం చూసి సంబంధం కుదుర్చుకునేవాళ్ళనీ చూశాం. మా అమ్మలు ముత్యాలమ్మకి మొక్కుతారు, వాళ్ళతో మాకు గొడవ లేదు. దొరికిన పర్సు తిరిగిచ్చేది అమ్మవారికి భయపడి కాదు, పోగొట్టుకున్నోడు ఏడుస్తాడని. అది మాకు నేర్పిందీ వాళ్ళే.

పిల్లలకి గది ఇంకా దొరకలేదు. కాలేజీకి దగ్గర్లో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అద్దె ఒకటో తారీఖునే కడతారు.